టెస్టింగ్ సదస్సులో మాట్లాడాలంటే: ప్రసంగ ప్రతిపాదన రాసే పద్ధతి

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ సదస్సులకు వచ్చే ప్రతిపాదనలను చదివేవారు చాలావరకు మనలాంటి టెస్టర్లే. పగలంతా తమ ఉద్యోగం చేసుకొని, రాత్రి భోజనం అయిన తరువాత ఒక్కో ప్రతిపాదనకు కొద్ది నిమిషాలు కేటాయించి, మార్కులు వేసి, రెండు మాటల వ్యాఖ్య రాసి తరువాతిదానికి వెళ్తారు. నేను రెండు సదస్సులకు ఇలా సమీక్షకురాలిగా పనిచేశాను. అంతకు ముందు చాలాసార్లు ప్రతిపాదనలు పంపి తిరస్కరణలు అందుకున్నాను. రెండు వైపులా కూర్చున్న తరువాత నాకు స్పష్టంగా తెలిసింది ఏమిటంటే, తిరస్కరించిన ప్రతిపాదనల్లో చాలావాటి వెనుక మంచి అనుభవమే ఉంటుంది, కాని ఆ అనుభవం కాగితం మీదికి రాదు. విషయం పేరు వస్తుంది, దాని ప్రాముఖ్యం వస్తుంది, దాని గురించి అందరూ అనే మాటలు వస్తాయి. రాసినవారు స్వయంగా ఏం చూశారో, ఏం చేశారో మాత్రం రాదు. హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ బెంగళూరులోనూ పనిచేస్తున్న తెలుగు టెస్టర్ల దగ్గర చెప్పదగిన అనుభవం ఎంతో ఉంది. దాన్ని ప్రతిపాదనగా మలిచే పనిని ఇక్కడ మొదటి నుంచి వివరిస్తున్నాను.

ఏ సదస్సుకు, ఏ రూపంలో

రాయడం మొదలుపెట్టక ముందే సదస్సును ఎంచుకోవాలి, ఎందుకంటే ఒక్కో సదస్సు కోరేది ఒక్కో విధంగా ఉంటుంది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నగరం కేంద్రంగా 1983 నుంచి నడుస్తున్న పసిఫిక్ నార్త్‌వెస్ట్ సాఫ్ట్‌వేర్ క్వాలిటీ కాన్ఫరెన్స్‌లో ప్రసంగంతో పాటు వ్యాసానికి కూడా పెద్దపీట ఉంటుంది: మీ సారాంశం ఎంపికైతే, తరువాత పూర్తి వ్యాసం రాయాలి, తోటి నిపుణులు దాన్ని చదివి సూచనలు ఇస్తారు, చివరికి అది సదస్సు సంపుటిలో అచ్చవుతుంది. వేదిక మీద మాట్లాడటం కంటే స్థిమితంగా కూర్చొని రాయడం ఇష్టపడేవారికి ఇది చాలా మంచి చోటు అని నా అభిప్రాయం. 1993లో లండన్‌లో మొదలైన యూరోస్టార్ ఐరోపాలోని వేర్వేరు నగరాల్లో జరుగుతుంది. అక్కడ ఏడాదికొక ఇతివృత్తం ప్రకటించి, దానికి అనుగుణంగా ప్రతిపాదనలు కోరతారు. జర్మనీలోని పోట్స్‌డామ్‌లో జరిగే ఎజైల్ టెస్టింగ్ డేస్, అమెరికాలో ఫ్లోరిడాలో జరిగే స్టార్‌ఈస్ట్, కాలిఫోర్నియాలో జరిగే స్టార్‌వెస్ట్ కూడా ఈ రంగంలో పేరున్నవే. మనకు దగ్గరగా, వెబ్ బ్రౌజర్లలో టెస్టులను వాటంతట అవే నడిపించే సాధనం పేరుతో జరిగే సెలీనియం కాన్ఫరెన్స్ 2014, 2016, 2018 సంవత్సరాల్లో బెంగళూరులో జరిగింది. దానికి వచ్చిన ప్రతిపాదనలు కాన్ఫ్ఇంజిన్ అనే వేదికలో అందరికీ కనిపించేవి. సమీక్షకులు ఏమడిగారో, రచయితలు ఏం జవాబిచ్చారో ఎవరైనా చదవవచ్చు. మొదటిసారి రాసేవారు అక్కడ ఒక సాయంత్రం గడిపితే ఎన్నో సందేహాలు తీరుతాయి.

ఎంచుకున్న సదస్సు గత రెండు మూడేళ్ల కార్యక్రమ పట్టికను పూర్తిగా చదవండి. మీ విషయం మీద నిరుడే ముగ్గురు మాట్లాడి ఉంటే, వారు చెప్పనిది మీ దగ్గర ఏముందో తేల్చుకోవాలి. ఎవరూ మాట్లాడకపోతే, ఆ శ్రోతలకు దానితో పని ఉందా అని ప్రశ్నించుకోవాలి. ఇతివృత్తం విషయంలో ఒక హెచ్చరిక అవసరం: ప్రకటించిన ఇతివృత్తంలోని పదాలను మీ సారాంశంలో బలవంతంగా ఇరికిస్తే చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది. సంబంధం నిజంగా ఉంటే ఒక వాక్యంలో చెప్పండి, లేకపోతే దాని జోలికి పోవద్దు.

ప్రసంగం రూపాన్ని కూడా ఇప్పుడే నిర్ణయించుకోవాలి. సదస్సును ప్రారంభించే ప్రధాన ప్రసంగాలకు ఎక్కువగా నిర్వాహకులే పిలుస్తారు కనుక మనం పోటీపడేది ముఖ్యంగా 30 నుంచి 45 నిమిషాల ప్రసంగాలకు, పూర్తి పూట లేదా పూర్తి రోజు నడిచే వర్క్‌షాపులకు, అయిదారు నిమిషాల చిన్న ప్రసంగాలకు. వర్క్‌షాపు ప్రతిపాదన పూర్తిగా వేరే జాతిది: మీరు ఏం చెబుతారన్నదాని కంటే, వచ్చినవారు తమ చేతులతో ఏం చేస్తారు, ఎంతమంది చేయగలరు, గదిలో ఇంటర్నెట్ పనిచేయకపోతే ఏం చేస్తారు అన్నవే అక్కడ ముఖ్యం. మొదటి ప్రయత్నానికి 30 నిమిషాల అనుభవ కథనమే తగిన రూపమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

విషయాన్ని కుదించడం

నా మొదటి ప్రతిపాదన, ప్రోగ్రాముల చేత టెస్టులు నడిపించే ఆటోమేషన్ టెస్టింగ్‌లో పాటించవలసిన మంచి పద్ధతుల గురించి. ఆ శీర్షిక కింద ఎవరైనా ఏదైనా చెప్పవచ్చు. అందువల్లనే అది ఎవరిదీ కాకుండా పోయింది. తిరస్కరణతో పాటు వచ్చిన ఒక్క వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది: దీన్ని మీరే ఎందుకు చెప్పాలో మాకు అర్థం కాలేదని సమీక్షకులు రాశారు. ఆ మాట నన్ను కొన్నాళ్లు బాధపెట్టింది, కాని ప్రతిపాదన రాయడంలో నాకు అందిన అత్యుత్తమ సలహా అదే.

విషయం కోసం వెతికేటప్పుడు మీకు ఏ రంగం తెలుసని కాకుండా, గత ఏడాది కాలంలో ఏ రోజు మీ అంచనా తలకిందులైందని అడగండి. పాసైన టెస్టులు మిమ్మల్ని ఎప్పుడు మోసగించాయి? విడుదల చేయవద్దని మీరు చెప్పినా ఎవరూ వినని సందర్భం ఏది? ఏ బగ్‌ను వెతకడానికి వారం పట్టింది, చివరికి అది ఎక్కడ దొరికింది? ఇలాంటి అయిదారు సంఘటనలను ఒక్కోటి రెండు మూడు వాక్యాల్లో తెలుగులోనే రాసుకోండి. వాటిలో ఏదైనా తోటి టెస్టరుకు చెప్పినప్పుడు, తరువాత ఏమైందని ఆమె వెంటనే అడిగితే మీ విషయం దొరికినట్టే.

ఈ వ్యాసమంతా ఒకే ఉదాహరణతో నడిస్తే సులభంగా ఉంటుంది కనుక తెలుగు పాఠకులందరికీ అర్థమయ్యేదాన్ని తీసుకుంటాను. ఒక టెస్టర్ మొబైల్ యాప్ తెలుగు వెర్షన్ మీద పనిచేస్తోందని అనుకుందాం. పేరు రాసే గడికి 20 అక్షరాల పరిమితి ఉంది. ఇంగ్లీషు పేర్లతో రాసిన టెస్టులన్నీ పాసయ్యాయి, కాని తెలుగులో ‘లక్ష్మి’ అని రాసి సేవ్ చేస్తే తిరస్కరిస్తోంది. చదివేవారికి ఆ పేరులో ఉన్నవి రెండే అక్షరాలు. ప్రపంచ లిపుల అక్షరాలకు సంకేతాలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్ లెక్కలో మాత్రం ల, క, పొల్లు, ష, మళ్లీ పొల్లు, మ, గుడి కలిపి మొత్తం 7 సంకేతాలు. ఆ సంకేతాలను కంప్యూటరులో బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున 21 బైట్లు. స్క్రీను మీద అక్షరాలు అని రాసి ఉన్న పరిమితిని డేటాబేస్ బైట్లుగా లెక్కపెడుతోంది. అప్పుడు జట్టు చేసిన మొదటి సవరణ, 20ని మూడుతో హెచ్చించి పరిమితిని 60 బైట్లు చేయడం. ‘లక్ష్మి’ పట్టింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ‘వేంకట లక్ష్మీనరసింహ శాస్త్రి’ అన్న పేరు దగ్గర మళ్లీ విఫలమైంది: కంటికి 11 అక్షరాలే అయినా, మధ్యనున్న రెండు ఖాళీలతో కలిపి అది 28 సంకేతాలు, 80 బైట్లు.

ఈ సంఘటనను బహుభాషా యాప్‌ల టెస్టింగ్ అనే పేరుతో పంపితే నా మొదటి ప్రతిపాదనకు పట్టిన గతే పడుతుంది. ఒక పేరు, ఒక గడి, ఒక తప్పుడు సవరణ అన్న ఇరుకైన చోట నిలబడి చెబితే, భాష వేరైనా వినేవారు తమ ప్రాజెక్టులో ఇదే లోపాన్ని వెతుక్కోగలుగుతారు. విషయం ఎంత ఇరుకైతే శ్రోతలు అంత తగ్గుతారని మొదటిసారి రాసేవారు భయపడుతుంటారు. సమీక్షకురాలిగా నేను చూసినంతవరకు, బలమైన మార్కులు పొందినవన్నీ ఇలాంటి ఇరుకైన విషయాలే.

దీనికి తోడు మరో ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండాలి: పోట్స్‌డామ్‌లోనో పోర్ట్‌లాండ్‌లోనో కూర్చున్న టెస్టరుకు తెలుగు పేర్లతో ఏం పని? ఇక్కడ మీ అనుభవానికి వెలుపలి ఆధారం ఒకటి తోడైతే మంచిది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఒక ప్రత్యేకమైన సంకేతాల వరుసలో, మధ్యన కంటికి కనిపించని జోడించని గుర్తుతో రాసి పంపితే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు మూతపడిపోయాయి, ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఫోన్లను ఆపేసిందన్న ఆ ఒక్క వాక్యం, మన లిపి సమస్య మన ఒక్కరిదే కాదని ఎవరికైనా అర్థమయ్యేలా చేస్తుంది. అయితే దాన్ని ఆధారంగానే వాడాలి, కథగా కాదు, ఎందుకంటే ఆ బగ్‌ను మీరు కనుగొనలేదు. సాఫ్ట్‌వేర్ లోపాల వల్ల 1996 జూన్ 4న ఐరోపా ఏరియన్ 5 రాకెట్ పేలిపోవడం, 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ 45 నిమిషాల్లో సుమారు 44 కోట్ల డాలర్లు కోల్పోవడం, 1980లలో థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం వల్ల రోగులకు ప్రమాదకరమైన మోతాదులో రేడియేషన్ తగలడం సమీక్షకులకు కంఠస్థమైన సంఘటనలు. వాటితో మొదలయ్యే సారాంశాలు చదివేటప్పుడు, రాసినవారి అనుభవం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ నేను చాలాసార్లు చివరి వాక్యం వరకు వెళ్లిపోయాను.

శీర్షిక, సారాంశం

శీర్షికను చివర్లో రాయండి. అది కార్యక్రమ పట్టికలో ఒంటరిగా కనిపిస్తుంది. ఒకే సమయానికి మూడు నాలుగు గదుల్లో ప్రసంగాలు ఉన్నప్పుడు శ్రోతలు దాన్ని చూసే గది ఎంచుకుంటారు. మన ఉదాహరణకు ‘బహుభాషా యాప్‌ల టెస్టింగ్: సవాళ్లు, పరిష్కారాలు’ అన్నది పాఠ్యపుస్తకంలో అధ్యాయం పేరులా ఉంది. ‘లక్ష్మిలో అక్షరాలెన్ని? తెలుగు పేర్ల దగ్గర విఫలమైన మా టెస్టులు’ అన్నప్పుడు ప్రశ్న ఉంది, వైఫల్యం ఉంది, ఎవరిదో తెలుస్తోంది. చమత్కారం కోసం అర్థాన్ని బలిపెట్టకండి. శీర్షిక చదివినవారికి విషయం ఏమిటో తెలియకపోతే చమత్కారం వృథా.

సారాంశం సాధారణంగా 150 నుంచి 300 పదాల మధ్య అడుగుతారు. మొదటి రెండు వాక్యాల్లోనే సంఘటన ఉండాలి. నాణ్యత నేటి యుగంలో ఎంత కీలకమో చెప్పే ఉపోద్ఘాతం అక్కర్లేదు. చదివేవారు ఆ పని మీదే బతుకుతున్నారు. ఆ తరువాత మీరు కనుగొన్న కారణం, మీరు చేసిన పని, అందులో విఫలమైన భాగం, చివరికి శ్రోతకు అందేది ఈ క్రమంలో వస్తే చదువు సాఫీగా సాగుతుంది. మన టెస్టర్ రాసే సారాంశం దాదాపు ఇలా ఉండవచ్చు:

‘మా యాప్‌లో పేరు గడికి 20 అక్షరాల పరిమితి ఉంది, టెస్టులన్నీ పాసయ్యాయి. తెలుగు వెర్షన్ విడుదలైన మొదటి వారంలోనే, రెండక్షరాల పేరున్న వాడుకరి ఒకరు తన పేరును మా యాప్ ఒప్పుకోవడం లేదని ఫిర్యాదు చేశారు. స్క్రీను ఒక విధంగా, డేటాబేస్ మరో విధంగా, ఎస్సెమ్మెస్ ఇంకో విధంగా అక్షరాలను లెక్కపెడుతున్నాయని అప్పుడు తెలిసింది. మేము వెంటనే చేసిన సవరణ ఒక పేరును సరిచేసి, మరో పేరు దగ్గర విఫలమైంది. ఈ ప్రసంగంలో ఆ రెండు వారాల వెతుకులాటను వరుసగా చూపిస్తాను: ఏ టెస్టు మమ్మల్ని తప్పుదారి పట్టించింది, ఏ ప్రశ్న సరైన దారి చూపింది, ఆ తరువాత మా టెస్ట్ డేటాలో ఏ పేర్లు చేరాయి. మీ యాప్ ఒకే భాషలో ఉన్నా, మనుషుల పేర్లు తీసుకుంటే చాలు, ఈ లోపం అందులో దాగి ఉండే అవకాశం ఉంది.’

ఇందులో మూడు చోట్ల మీ దృష్టి నిలవాలి. మొదటిది, విఫలమైన సవరణను దాచకుండా చెప్పడం. ప్రతిపాదనలో తమ తప్పు రాసుకోవడానికి మనవాళ్లు వెనుకాడతారు. పై అధికారి చదివితే ఏమనుకుంటారోనన్న జంకు అందుకు ఒక కారణం. కాని ఎక్కడా తడబడకుండా విజయం సాధించిన కథను టెస్టర్లు నమ్మరు. తప్పులు వెతకడమే మన వృత్తి కనుక, తప్పును నిజాయితీగా విప్పిచెప్పిన ప్రతిపాదనకు మన మధ్యన గౌరవం ఎక్కువ. రెండవది, రెండు వారాలు అనడం. ఎంత కాలం, ఎన్ని పరికరాలు, ఎంతమంది జట్టు వంటి అంకెలు మీ వద్ద నిజంగా ఉంటేనే రాయండి. లేని శాతాలు కల్పిస్తే ప్రశ్నోత్తరాల సమయంలో మీరే ఇబ్బంది పడతారు. మూడవది, చివరి వాక్యం. విషయం తెలుగుదే అయినా శ్రోత తనను తాను అందులో చూసుకునే చోటు అది.

ఎస్సెమ్మెస్ ప్రస్తావన చిన్నదే, కాని అలాంటి వివరం సమీక్షకుల దృష్టిని ఆపుతుంది. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే ఒక ఎస్సెమ్మెస్‌లో ఒక్క తెలుగు అక్షరం చేరితే చాలు, సాధారణంగా ఆ పరిమితి 70కి పడిపోతుంది. ఒక సందేశం రెండు మూడుగా చీలిపోతుంది, ఖర్చు పెరుగుతుంది. రాసినవారు లోతుగా చూశారని ఇలాంటి ఒక్క వివరమే నిరూపిస్తుంది. అయితే అన్నీ సారాంశంలోనే కుమ్మరించకూడదు; ఒకటో రెండో చాలు.

కృత్రిమ మేధతో సారాంశం రాయించుకోవడం గురించి చాలామంది అడుగుతున్నారు. వ్యాకరణం సరిచూసుకోవడానికి వాడితే నాకు అభ్యంతరం లేదు. రాయమని దానికే అప్పగిస్తే మాత్రం, వరుసగా నలభై ప్రతిపాదనలు చదివే సమీక్షకులకు ఒకే గొంతు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది, ఆ గొంతులో మీ రెండు వారాలు ఉండవు. మీ దగ్గర ఉన్న ఒకే ఒక్క బలాన్ని చేజేతులా వదులుకోవద్దని కోరుతున్నాను.

ఫారంలోని మిగతా గడులు

శ్రోతకు అందే ప్రయోజనాలు మూడు రాయమని చాలా ఫారాలు అడుగుతాయి. ‘యూనికోడ్ ప్రాముఖ్యం తెలుసుకుంటారు’ అన్నది ప్రయోజనం కాదు. ‘తమ యాప్‌లోని ప్రతి గడి పరిమితి బైట్లలో ఉందో, సంకేతాల్లో ఉందో, కంటికి కనిపించే అక్షరాల్లో ఉందో ఒక పూటలో కనిపెట్టగలుగుతారు’ అన్నది ప్రయోజనం. సోమవారం ఆఫీసుకు వెళ్లి చేయగలిగిన పని అయి ఉండాలి.

కొన్ని సదస్సులు సమీక్షకులకు మాత్రమే కనిపించే వివరాలు కూడా అడుగుతాయి. ఈ గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అది పెద్ద పొరపాటు. 40 నిమిషాల ప్రసంగమైతే సంఘటనకు 5, అక్షరాల లెక్క వివరించడానికి 8, విఫలమైన సవరణతో సహా వెతుకులాటకు 12, మార్చిన టెస్ట్ డేటాకు 8, ప్రశ్నలకు 7 నిమిషాలని విడదీసి చూపండి. సమయం మీద పట్టున్న మనిషని వారికి తెలుస్తుంది. సారాంశంలో దాచిపెట్టిన ముగింపును ఇక్కడ దాచకూడదు: బగ్ చివరికి ఎక్కడ దొరికిందో, ఎలా సరిచేశారో సమీక్షకులకు పూర్తిగా చెప్పాలి. ఈ ప్రసంగాన్ని ఆఫీసులోనో స్థానిక టెస్టర్ల సమావేశంలోనో ఇప్పటికే ఇచ్చి ఉంటే, వినేవారు ఏం అడిగారో రాయండి.

పరిచయంలో పదకొండేళ్ల అనుభవం, టెస్టర్లకు ఇచ్చే ఐఎస్‌టీక్యూబీ సర్టిఫికెట్, పనిచేసిన సంస్థల జాబితా రాయడం మనకు అలవాటు. ఈ విషయం మీరే ఎందుకు చెప్పాలో అవి చెప్పవు. ‘ఆమె మూడేళ్లుగా భారతీయ భాషల యాప్‌లను పరీక్షిస్తోంది, ఆమె సొంత పేరే తొలి వెర్షన్‌లో పట్టలేదు’ అన్న రెండు వాక్యాలు ఎక్కువ పనిచేస్తాయి, నిజమైతే. గతంలో మాట్లాడిన వీడియో అడిగితే, లేదని భయపడి ఆగిపోకండి. ఫోను నిలబెట్టి, రెండు మూడు నిమిషాలు ఇదే విషయం చెబుతూ రికార్డు చేసి పంపండి. వెలుతురు, శబ్దం కంటే మీ మాటలోని స్పష్టతనే చూస్తారు. మొదటిసారి మాట్లాడేవారి కోసం ప్రత్యేక స్థానాలు కేటాయించే సదస్సులూ ఉన్నాయి; ఫారంలో ఆ ప్రశ్న కనిపిస్తే సంకోచం లేకుండా అవునని గుర్తుపెట్టండి.

అనుమతి

సేవల సంస్థల్లో పనిచేసే తెలుగు టెస్టర్లకు ఇదే అన్నిటికంటే కష్టమైన మెట్టు. మీరు చూసిన బగ్ మీ సంస్థది కూడా కాదు, ఆ సంస్థ క్లయింటుది. నాకు బాగా తెలిసిన ఒకామె ప్రసంగం ఎంపికై, కార్యక్రమ పట్టికలో పేరు కూడా వచ్చిన తరువాత, సదస్సు రెండు వారాల్లో ఉందనగా క్లయింటు ఒప్పుకోకపోవడంతో ఉపసంహరించుకోవలసి వచ్చింది. ఆమె చేసిన ఒకే ఒక్క పొరపాటు, ఎంపికైన తరువాత అడుగుదామని అనుకోవడం.

అందువల్ల సారాంశం పంపడానికి ముందే దాన్ని మీ మేనేజరుకు ఇచ్చి, న్యాయవిభాగం ద్వారా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అడిగేటప్పుడు సదస్సులో మాట్లాడవచ్చా అని విశాలంగా అడగకండి; ఏ వివరాలు ఉంటాయో, ఏవి ఉండవో రాసి చూపించండి. సంస్థ పేరు, క్లయింటు పేరు, వాడుకరుల సమాచారం, అసలు స్క్రీన్‌షాట్లు ఉండవని, లోపాన్ని వివరించడానికి కల్పిత పేర్లతో చిన్న నమూనా యాప్ తయారుచేస్తానని చెబితే అనుమతి దొరికే అవకాశం పెరుగుతుంది. మన ఉదాహరణలో అది సులభం: ‘లక్ష్మి’ ఎవరి రహస్యమూ కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఔషధ పరిశ్రమల్లో నాణ్యతా విభాగాల్లో పనిచేసేవారు తమ రంగపు సదస్సులకు రాసేటప్పుడు ఈ మెట్టు దగ్గర మరింత జాగ్రత్త వహించాలి, ఎందుకంటే అక్కడ తనిఖీలకు సంబంధించిన ఏ వివరమైనా సున్నితమైనదే. మీ సంస్థ అమ్మే పరికరం గురించి మాట్లాడాలని ఎవరైనా సూచిస్తే మర్యాదగా వద్దనండి; ప్రకటనలా ధ్వనించే ప్రతిపాదనను సమీక్షకులు చాలా త్వరగా పక్కన పెడతారు.

భాష

ప్రతిపాదన చివరికి ఇంగ్లీషులోనే పంపాలి. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేటప్పుడు మనకు ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. తెలుగులో క్రియను చివర ఉంచి, వచ్చి, చూసి, మార్చి, మళ్లీ నడిపి అంటూ నాలుగు పనులను ఒకే వాక్యంలో హాయిగా చెప్పగలం. అదే నిర్మాణాన్ని ఇంగ్లీషులోకి దించితే వాక్యం ఊపిరాడకుండా తయారవుతుంది. ఒక్కో పనికి ఒక్కో వాక్యం రాయండి. పనిచేసినవారిని దాచే వాక్యాలు మానేయండి: గమనించబడింది, సరిచేయబడింది అన్న ధోరణి ఆఫీసు నివేదికలకు అలవాటై ఉండవచ్చు, కాని మీరు చేశారా, జట్టు చేసిందా, మరొకరు చేశారా అన్నది సమీక్షకులకు తెలియాలి. డౌట్ అన్న మాటను మనం ప్రశ్న అన్న అర్థంలో వాడతాం. విదేశాల్లో చదివేవారికి అది అపనమ్మకంలా వినిపిస్తుంది. ఫ్రెషర్ అంటే వారికి తెలియదు. లక్షలు, కోట్లు మిలియన్లలోకి మార్చండి. పెద్ద పదాలతో ఇంగ్లీషును అలంకరించవలసిన అవసరం లేదు. చదివేవారిలో చాలామందికి కూడా ఇంగ్లీషు మాతృభాష కాదు.

పంపే ముందు, పంపిన తరువాత

పూర్తయిన సారాంశాన్ని మీ జట్టులో లేని ఒక టెస్టరుకు ఇచ్చి, ఒక్కసారే చదివి కాగితం పక్కన పెట్టమనండి. ఆ ప్రసంగంలో ఏం వింటావో చెప్పమని తెలుగులో అడగండి. ‘లోకలైజేషన్ (యాప్‌ను స్థానిక భాషలకు మలచడం) గురించి ఏదో’ అని ఆమె అంటే సారాంశం ఇంకా సిద్ధం కాలేదు. ‘పేరు పట్టకపోవడం, మొదటి సవరణ విఫలం కావడం’ అంటే పంపవచ్చు.

గడువును మన సమయంలోకి మార్చుకొని క్యాలెండరులో రాసుకోండి. భూమి మీద ఎక్కడైనా అన్న అర్థంలో ఏఓఈ అని రాసి ఉంటే, ఆ తేదీ అర్ధరాత్రికి ముగిసే గడువు మనకు మర్నాడు సాయంత్రం 5 గంటల 29 నిమిషాల వరకు ఉంటుంది. ఆ వెసులుబాటును చివరి దిద్దుబాటుకు ఉంచుకోండి, రాయడానికి కాదు. చివరి గంటల్లో ఫారం మొరాయించడం మామూలే. ఫారంలో పెట్టిన ప్రతి గడినీ వేరే ఫైలులో దాచుకోవాలి, ఎందుకంటే పంపిన తరువాత కొన్ని వేదికలు పూర్తి పాఠాన్ని చూపించవు.

ప్రయాణ ఖర్చు ఎవరు భరిస్తారో పంపే ముందే చదవండి. వక్తలకు ప్రవేశ రుసుము లేకుండా చూసే సదస్సులు చాలా ఉన్నాయి, కాని విమాన టికెట్, హోటల్ భరించే విషయంలో ఒక్కో సదస్సుకు ఒక్కో నియమం ఉంటుంది. ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా అవసరమయ్యే సదస్సుకైతే, ఆ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపిక సమాచారం అందిన రోజే ఆహ్వాన లేఖ అడగాలి. ఆన్‌లైన్‌లో మాట్లాడే వీలుందో లేదో కూడా కనుక్కోండి.

ఎంపిక కాకపోతే సమీక్షకుల వ్యాఖ్యలు పంపగలరా అని మర్యాదగా ఒక్కసారి అడగండి. అన్నివేళలా ఇవ్వరు, ఇచ్చినప్పుడు చాలా ఉపయోగపడతాయి. మంచి ప్రతిపాదనే అయినా అదే విషయం మీద మరొకటి ముందే ఎంపికైనందువల్ల వెనక్కి వెళ్లడం సాధారణం. నేను సమీక్షించినప్పుడు రెండు చక్కటి ప్రతిపాదనల్లో ఒకదాన్ని వదులుకోవలసి రావడం నిజంగా బాధ కలిగించింది. అదే సారాంశాన్ని వ్యాఖ్యల ఆధారంగా సవరించి, మరో సదస్సుకు, దాని శ్రోతలకు తగినట్టు చివరి వాక్యం మార్చి పంపండి. ఈలోగా ఆఫీసులో మధ్యాహ్నం అరగంట తీసుకొని తోటివారి ముందు మాట్లాడండి. వారు అడిగే ప్రశ్నల్లోంచే సారాంశానికి కావలసిన తరువాతి వాక్యం దొరుకుతుంది.

ఎంపికైతే వారు చెప్పిన గడువులోగా అంగీకారం రాతపూర్వకంగా పంపి, మీ అనుమతి పత్రాన్ని మరోసారి చదివి, అందులో లేని వివరం ఏదీ స్లైడ్లలోకి రాకుండా చూసుకోండి. వెళ్లలేని పరిస్థితి వస్తే తెలిసిన రోజే నిర్వాహకులకు చెప్పండి. ఆ స్థానం కోసం వేచి ఉన్నవారి జాబితా వారి దగ్గర ఉంటుంది, ముందుగా తెలిస్తే ఆ జాబితాలోని ఇంకొకరికి సిద్ధమయ్యే సమయం దొరుకుతుంది.